విశాఖలో పాడెల్ కోర్టు కట్టాలంటే: క్లాసిక్కా, పానోరమిక్కా, లేక ముందు పైకప్పా?

పాడెల్ అంటే టెన్నిస్, స్క్వాష్ కలిసినట్టుండే నలుగురి ఆట: కోర్టు చుట్టూ అద్దాల గోడలు, ఉక్కు జాలీ ఉంటాయి, గోడకు తగిలి వచ్చిన బంతిని కూడా కొట్టొచ్చు. ఈ కోర్టు కొటేషన్ ఏది తీసినా మొదటి పేజీలో నిగనిగలాడే అద్దాల బొమ్మే ఉంటుంది. చూడగానే మనసు పానోరమిక్ మీదకు, అంటే వెనక గోడలో మధ్య పోస్టులు లేకుండా అంతా అద్దమే కనిపించే రకం మీదకు పోతుంది. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో అయితే అక్కడినుంచి మొదలుపెట్టినా పెద్దగా నష్టం లేదు. విశాఖలో మాత్రం అద్దం సంగతి ఆఖర్న చూసుకోవచ్చు. ముందు ఉప్పుగాలి, తర్వాత తుపాను, ఆ తర్వాత వాన. ఈ మూడింటికీ మీ సైటు ఏం జవాబు చెబుతుందో తేలితే ఏ రకం కోర్టు వేయాలన్నది సగం తేలినట్టే.

ఈ ఆట 1969లో మెక్సికోలోని అకపుల్కోలో పుట్టింది. అదీ సముద్రం ఒడ్డు ఊరే. ఎన్రికే కోర్కువేరా అనే ఆయన తన ఇంటి దగ్గర చుట్టూ గోడలు కట్టించి ఆడించాడు. అంటే మొదటి కోర్టుకు అద్దాలే లేవు. ఈ ముక్క గుర్తుంచుకోండి, కింద పనికొస్తుంది.

ముందు టేపు పట్టండి

కోర్టు లోపలి కొలత 20 మీటర్లు పొడవు, 10 మీటర్లు వెడల్పు. ఫ్రేము, చుట్టూ వేసే కాంక్రీట్ బీము కలుపుకుంటే 21 × 11 మీటర్లు అనుకోండి. అడుగుల్లో దాదాపు 69 × 36. మనవాళ్లు సైటును గజాల్లో చెబుతారు, అక్కడే చిక్కు వస్తుంది. 400 గజాల సైటు ఉందని ఒకరు ఉత్సాహంగా వస్తారు. తీరా చూస్తే అది 60 × 60 అడుగులు. 60 అడుగులంటే 18.29 మీటర్లు, కోర్టు పొడవే పట్టదు. అదే 70 × 40 అడుగుల సైటైతే 311 గజాలే, కానీ కోర్టు పడుతుంది. కాబట్టి గజాలు కాదు, పొడవు ముఖ్యం. నడవడానికి, కూర్చోవడానికి, పార్కింగ్‌కి వేరే చోటు చూసుకోవాలి.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్లలో ఇంకో మాట వినిపిస్తుంది: "పాత టెన్నిస్ కోర్టు ఖాళీగా ఉంది, రెండు పాడెల్ కోర్టులు వేసేద్దాం." ప్రామాణిక టెన్నిస్ ఆవరణ 36.57 × 18.29 మీటర్లు. రెండు పాడెల్ కోర్టులు పక్కపక్కన పెట్టాలంటే 20 మీటర్ల పైన వెడల్పు కావాలి, ఒకదాని వెనక ఒకటి పెట్టాలంటే 40 మీటర్ల పైన పొడవు కావాలి. రెండు రకాలుగానూ కుదరదు. కంచె జరపడానికి చోటు ఉంటే తప్ప అక్కడ పడేది ఒక్కటే.

పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండాలన్నది అందరూ చెప్పేదే. మన తీరం ఈశాన్యం నుంచి నైరుతికి ఏటవాలుగా సాగుతుంది కాబట్టి బీచ్ రోడ్డుకు సమాంతరంగా కోర్టు పెడితే వేసవి పొద్దుటి ఎండ ఒక జట్టుకు, చలికాలం సాయంత్రపు ఎండ రెండో జట్టుకు కళ్లలో కొడుతుంది. సైటు ఒప్పుకుంటే రోడ్డును పట్టించుకోకుండా కోర్టును కాస్త తిప్పి పెట్టించండి. ఆర్కిటెక్టు గొణిగినా సరే.

ఉప్పుగాలి: అసలు ఖర్చు ఇక్కడే

బీచ్ రోడ్డు అపార్ట్‌మెంట్లలో సముద్రం వైపు బాల్కనీ గ్రిల్లు ఒకసారి దగ్గరగా చూడండి. మధ్యలో పెయింటు బాగానే ఉంటుంది. వెల్డింగ్ పెట్టిన మూలల దగ్గర, గోడలోకి దిగే చోట మాత్రం ఎర్రటి చారలు కిందికి కారి ఉంటాయి. పాడెల్ కోర్టు కూడా సరిగ్గా అక్కడే పోతుంది: బేస్ ప్లేటు దగ్గర, వెల్డింగ్ దగ్గర, బోల్టు రంధ్రాల దగ్గర.

తుప్పు వాతావరణాన్ని ఐఎస్‌వో 9223 అనే అంతర్జాతీయ ప్రమాణం తరగతులుగా విడగొడుతుంది, అంకె పెరిగేకొద్దీ తుప్పు ఎక్కువ. సముద్రం ఒడ్డును మామూలుగా సీ5 కింద లెక్కేస్తారు. ఆ తరగతిలో జింకు పూత ఏడాదికి 4.2 నుంచి 8.4 మైక్రాన్ల దాకా అరుగుతుంది. సీ3లో అయితే 0.7 నుంచి 2.1 మాత్రమే. ఇప్పుడు లెక్క చూడండి. బజారులో జీపీ పైపు అని (ముందే పలచగా జింకు పూత వేసి అమ్మేది) దొరికేదానికి ఒక్కో వైపు జింకు దాదాపు 20 మైక్రాన్లు. ఒడ్డున అది అయిదేళ్లు కూడా నిలవదు. ఫ్రేము మొత్తం తయారయ్యాక కరిగిన జింకులో ముంచితే, అంటే హాట్ డిప్ గాల్వనైజింగ్ చేయిస్తే, 3 నుంచి 6 మిల్లీమీటర్ల మందం ఉక్కుకు సగటున 70 మైక్రాన్లు రావాలి. అదే గాలిలో 8 నుంచి 16 ఏళ్లు. దానిపైన పౌడర్ కోటింగ్ వేయిస్తే ఇంకొంత కాలం.

ఇక్కడ ఒక మెలిక ఉంది. "గాల్వనైజ్డ్" అన్న మాట రెండింటికీ వాడతారు. కాబట్టి కొటేషన్‌లో ఆ మాట చూసి సంతోషించకండి. వెల్డింగ్, డ్రిల్లింగ్ అంతా అయ్యాకే ముంచుతారా అని అడగండి. మైక్రాన్ల సంఖ్య రాతపూర్వకంగా తీసుకోండి. సరుకు దిగిన రోజు మైక్రాన్ గేజ్ పెట్టి కొలిపించండి. సైటులో మళ్లీ వెల్డింగ్ పెడతామంటే ఒప్పుకోవద్దు, జింకు అక్కడ కాలిపోతుంది. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీల్ (ఎస్ఎస్) 304 కాకుండా 316 రకం తీసుకోండి. 304 ఒడ్డున నెలల్లోనే టీ రంగు మరకలు పట్టడం మొదలుపెడుతుంది.

రుషికొండ, సాగర్‌నగర్, భీమిలి ఒడ్డున కట్టేవాళ్లకు ఇది తప్పనిసరి. పెందుర్తి, ఆనందపురం వైపు వెళ్లేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది. ఒడ్డుకు మరీ దగ్గరైతే తుప్పు కన్నా ముందు సీఆర్‌జెడ్ (తీరప్రాంత కట్టడాల నియంత్రణ) నిబంధనలు అడ్డొస్తాయి. లీజు అగ్రిమెంటు మీద సంతకం పెట్టకముందే సైటు ఏ జోన్‌లో ఉందో మ్యాపులో చూపించుకోండి.

హుద్‌హుద్ లెక్క

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటింది. గాలి వేగం గంటకు 180 కిలోమీటర్ల స్థాయిలో ఉంది. అంటే సెకనుకు 50 మీటర్లు. కట్టడాల మీద పడే గాలి బరువుకు మన దేశపు కోడ్ అయిన ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖకు ఇచ్చిన ప్రాథమిక గాలి వేగం కూడా 50 మీటర్లే. కాబట్టి ఇది ఎప్పుడో ఒకసారి వచ్చే వింతగా కాకుండా, కోడ్ ప్రకారం డిజైన్‌లో పెట్టుకోవాల్సిన అంకెగానే చూడాలి.

ఆ వేగానికి గాలి తోపు చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. ఎత్తు, ఆకారాలకు కలిపే గుణకాలు ఇందులో లేవు. వెనక గోడలో ఒక్కో అద్దం 2 × 3 మీటర్లు, అంటే ఆరు చదరపు మీటర్లు. ఒక్క అద్దం మీదే 900 కిలోలు. అలాంటివి వెనక వరసలో అయిదు: నాలుగున్నర టన్నులు. ఇదంతా పట్టుకోవాల్సింది పోస్టులు, వాటి కింద బోల్టులు, వాటి కింద బీము. యూరప్ డ్రాయింగు తెచ్చి అలాగే బిగించేస్తామంటే, అది ఎంత గాలి వేగానికి లెక్కించిందో ముందు అడగాలి. ఇక్కడి స్ట్రక్చరల్ ఇంజినీరుతో ఐఎస్ 875 ప్రకారం మళ్లీ లెక్క వేయించి సంతకం పెట్టించుకోండి. మొత్తం ఖర్చులో ఆయన ఫీజు ఏపాటి!

ఇక రకాలు

*క్లాసిక్.* ప్రతి రెండు అద్దాల మధ్యా ఉక్కు పోస్టు ఉంటుంది. కోర్టు మొత్తానికి 18 అద్దాలు: 2 × 3 మీటర్లవి 14, 2 × 2 మీటర్లవి 4. వెనక గోడ అద్దం 3 మీటర్లు, దానిపైన జాలీ 1 మీటరు. గాలి బరువు ప్రతి రెండు మీటర్లకూ ఒక పోస్టు మీద పడి నేరుగా కిందికి దిగుతుంది. 10 మి.మీ. టెంపర్డ్ (వేడిచేసి గట్టిపరచిన) అద్దం సరిపోతుంది. ఒకటి పగిలితే అదొక్కటి మార్చుకోవచ్చు. లోటల్లా బయటినుంచి చూసేవాళ్లకు పోస్టులు అడ్డం, ఫోటోల్లో కాస్త పాతగా కనిపించడం. ఆడేవాడికి ఇందులో ఆట తగ్గేదేమీ లేదు.

*పానోరమిక్.* వెనక గోడలో మధ్య పోస్టులు ఉండవు. అద్దాలు ఒకదానికొకటి ఆనుకుని నిలుస్తాయి కాబట్టి 12 మి.మీ. మందం పెడతారు. 10 మి.మీ. అద్దం ఒకటి 150 కిలోలైతే ఇది 180. పోస్టులు తీసేసినా గాలి తగ్గదు కదా, ఆ బరువు అద్దం మీద, అడుగు క్లాంపుల మీద, మిగిలిన పోస్టుల మీద పడుతుంది. 2022లో మొదలైన ప్రీమియర్ పాడెల్ లాంటి టోర్నీలు టీవీ కోసం ఇలాంటి కోర్టులు వాడటంతో అందరికీ మోజు పెరిగింది. కెఫే పెట్టి, చూసేవాళ్లను కూర్చోబెట్టి వ్యాపారం చేసేవాళ్లకు దీనికి పెట్టే డబ్బు తిరిగి వస్తుంది. అపార్ట్‌మెంట్‌లో ఎవరు చూస్తారు?

*ఫుల్ పానోరమిక్.* మూలల్లో కూడా పోస్టులుండవు. చూడ్డానికి అద్భుతం, ఒప్పుకుంటాను. కానీ విశాఖలో ఆరుబయట వేయమని నేను ఎవరికీ చెప్పను. నాలుగు వైపులా మూసిన హాలు ఉంటే అప్పుడు మాట్లాడుకోవచ్చు.

*గోడ కోర్టు.* అకపుల్కోలో మొదలైంది ఇదే. అర్జెంటీనాలో కూడా చాలాకాలం గోడ కోర్టుల మీదే ఆడారు. బంతి సమంగా వెనక్కి వస్తే చాలు, గోడ కనబడేది కానక్కర్లేదు. మన మేస్త్రీలకు చేతనైన పని. ఉప్పుగాలికి ఒడ్డున కాంక్రీట్ కూడా జాగ్రత్తగా వేయాలనుకోండి: కాంక్రీట్ కోడ్ ఐఎస్ 456 ప్రకారం తీవ్ర వాతావరణానికి కనీసం ఎం30 గ్రేడు, ఇనుము మీద 45 మి.మీ. కవరు. ప్లాస్టరింగ్ అద్దంలా రావాలి, ఎగుడుదిగుడు ఉంటే బంతి ఎటు పోతుందో తెలియదు. లోపల గాలి ఆడదు, మే నెలలో ఉడికిపోతారు. బుకింగ్‌కి డబ్బు కట్టే కస్టమరు దీనికి రాడు. స్కూలు, కాలేజీలకు మాత్రం నా ఓటు దీనికే: వెనక గోడలు కాంక్రీటువి, పక్కల జాలీ.

*పోర్టబుల్.* నేలలోకి పునాది లేకుండా ఉక్కు బేస్ మీద నిలబడుతుంది. లీజు అయిపోతే విప్పి పట్టుకుపోవచ్చు. మూడేళ్ల లీజు ఉన్నవాళ్లకు ఆశపెట్టే రకం. నేల గట్టిగా, సమంగా లేకపోతే ఇది బాగా ఇబ్బంది పెడుతుంది. గాలికి ఎత్తిపోకుండా బరువులో, యాంకర్లో తప్పనిసరి. చివరికి పునాది ఖర్చులో చాలా భాగం అలాగే అయిపోతుంది.

*సింగిల్ కోర్టు.* 20 × 6 మీటర్లు. పొడవు తగ్గదు, ఆడేది ఇద్దరే. పాడెల్ నలుగురి ఆట. వద్దు.

| రకం | తుపాను గాలికి | ఉప్పుగాలికి | మరమ్మతు | ప్రేక్షకులకు | పెట్టుబడి |
|---|---|---|---|---|---|
| క్లాసిక్ | మంచిది | ఉక్కు ఎక్కువ, పూత మీద ఆధారం | సులువు | పోస్టులు అడ్డం | మధ్యస్థం |
| పానోరమిక్ | డిజైన్ మీద ఆధారం | ఉక్కు తక్కువ, కీలుచోట్లు సున్నితం | అద్దం దొరకడం కష్టం | చాలా బాగుంటుంది | ఎక్కువ |
| ఫుల్ పానోరమిక్ | ఆరుబయట వద్దు | పై మాదిరే | కష్టం | అన్నిటికన్నా బాగు | అన్నిటికన్నా ఎక్కువ |
| గోడ కోర్టు | చాలా మంచిది | కవరు సరిగా ఉంటే మంచిది | మేస్త్రీ చాలు | వెనకనుంచి కనబడదు | తక్కువ |
| పోర్టబుల్ | యాంకర్ లేకపోతే ప్రమాదం | క్లాసిక్ మాదిరే | సులువు | రకాన్ని బట్టి | మధ్యస్థం నుంచి ఎక్కువ |

పైకప్పు వేయాలా?

క్లాసిక్ నుంచి పానోరమిక్‌కు మారడానికి పెట్టే అదనపు డబ్బు చేతిలో ఉంటే, నేనైతే దాన్ని పైకప్పు ఖాతాలో వేస్తాను. తడిసిన అద్దానికి తగిలిన బంతి జారి కిందికి పడిపోతుంది, వెనక్కి రాదు. అంటే వాన పడితే ఆటే మారిపోతుంది. మనకు జూన్‌లో మొదలైన వాన సెప్టెంబరుతో ఆగదు. అక్టోబరులో అల్పపీడనాల హడావిడి వేరే. అన్ని నెలల సాయంత్రాలు "ఈరోజు క్యాన్సిల్ అండీ" అని ఫోన్లు చేస్తూ కూర్చోవాలి.

ఆరుబయట ఆటకు సముద్రపు గాలి ఇంకో తలనొప్పి. పాడెల్‌లో లాబ్, అంటే అవతలివాళ్ల తల మీదుగా ఎత్తుగా వేసే బంతి, లేకుండా పని జరగదు. మధ్యాహ్నం మొదలై సాయంత్రం దాకా వీచే గాలికి లాబ్ పక్క కోర్టులో పడుతుంది. పైకప్పుతో పాటు గాలి వచ్చే వైపు పక్కగోడ కూడా ఉంటే ఈ బాధ తగ్గుతుంది.

కోర్టు పైన ఖాళీ ఎత్తు కనీసం 6 మీటర్లు ఉండాలి, కొత్తగా కడితే 8 మంచిది. ఆ ఎత్తున షెడ్డు అంటే కోర్టు కన్నా షెడ్డుకే ఎక్కువ ఇంజినీరింగ్ కావాలి. పక్కలు తెరిచి ఉన్న షెడ్డును తుపాను కిందినుంచి పైకి లేపుతుంది. రేకులు ఎగిరిపోవడం మనకు కొత్త కాదు. ముందే తయారైన ఉక్కు షెడ్డు, టెన్సైల్ గుడ్డ కప్పు రెండూ దొరుకుతాయి. గుడ్డ కప్పు తేలిక, వెలుతురు బాగుంటుంది. కానీ దాని కేబుళ్లు, క్లాంపులు ఎప్పటికప్పుడు చూసే మనిషి ఉండాలి. ఆ మనిషి లేని చోట ఉక్కు షెడ్డే మేలు.

ఒక విషయం చాలామందికి తట్టదు. పైకప్పు కింద తుప్పు తగ్గుతుందనుకుంటారు. ఒడ్డున దీనికి తిరకాసు ఉంది. ఆరుబయట ఉన్న ఉక్కును వాన కడుగుతుంది. కప్పు కింద ఉన్నదాని మీద ఉప్పు అలాగే పేరుకుపోయి, రాత్రి తేమకు చెమ్మగిల్లి పని చేస్తూనే ఉంటుంది. కాబట్టి షెడ్డు వేసినా ఫ్రేమును, జాలీని, అద్దాల క్లాంపులను మంచినీళ్లతో క్రమం తప్పకుండా కడిగించాలి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాటితో కడగవద్దు.

కాలి కింద

21 × 11 మీటర్ల స్లాబ్‌ను 15 సెంటీమీటర్లు వేస్తే దాదాపు 35 ఘనపు మీటర్ల కాంక్రీట్. ఆరు ఘనపు మీటర్ల మిక్సర్ లారీలు ఆరు. ఒకే రోజున ఆగకుండా పోయించండి. మూడు మీటర్ల పట్టీ వేసి చూస్తే కింద మూడు మిల్లీమీటర్లకు మించి సందు కనపడకూడదు. మధురవాడ, ఎండాడ వైపు కొండ తవ్వి సగం నింపిన సైట్లు ఎక్కువ. తవ్విన సగం గట్టిగా ఉంటుంది, నింపిన సగం రెండు వానలకు కుంగుతుంది. పగులు సరిగ్గా కోర్టు మధ్యలో వస్తుంది. నింపిన మట్టిని పొరలు పొరలుగా రోలర్‌తో తొక్కించి, పరీక్ష చేయించాకే స్లాబ్ పోయాలి.

టర్ఫ్ (కృత్రిమ గడ్డి) 10 నుంచి 15 మి.మీ. ఎత్తులో దొరుకుతుంది, ఎక్కువమంది 12 వాడతారు. లోపల పోసేది కడిగి ఆరబెట్టిన సిలికా ఇసుక. బీచ్ ఇసుక పోస్తే ఉప్పును మనమే తెచ్చి ఫ్రేము పాదాల దగ్గర పోసినట్టు. పోర్టు చుట్టుపక్కల, గాజువాక వైపు దుమ్ము ఎక్కువ కాబట్టి అక్కడ టర్ఫ్‌ను తరచుగా బ్రష్ చేయించాలి.

ఎవరికి ఏది

బీచ్ ఒడ్డున రిసార్టు, కెఫే ఉన్నవాళ్లు: ఒక పానోరమిక్, మిగిలినవి క్లాసిక్. చూపులకు ఒకటి చాలు. అన్నిటికీ ఒకే హాట్ డిప్ పూత.

మధురవాడ, ఎండాడ, సీతమ్మధార వైపు గంటల లెక్కన అద్దెకిచ్చే ఆలోచన ఉంటే: క్లాసిక్, పైన షెడ్డు, రెండు కోర్టులు. ఒక్క కోర్టుతో మనిషి జీతం, కరెంటు, లీజు కట్టడం కష్టం. కరెంటు గురించి మరీ బెంగ వద్దు. 200 వాట్ల ఎల్ఈడీలు ఎనిమిది పెట్టినా కోర్టుకు 1.6 కిలోవాట్లే.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్: క్లాసిక్, షెడ్డు లేకుండా మొదలుపెట్టొచ్చు. కానీ షెడ్డు పునాదులు ఇప్పుడే దించి పెట్టండి. బంతి అద్దానికి తగిలే చప్పుడు పై అంతస్తుల దాకా వినిపిస్తుంది. నివాస ప్రాంతంలో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా శబ్ద పరిమితి 45 డెసిబెల్స్. కోర్టు వేశాక గొడవ పడేకన్నా ఆట వేళలు ముందే మీటింగులో తీర్మానం చేసుకోవడం మంచిది.

లీజు అయిదేళ్లలోపు ఉంటే పోర్టబుల్ చూడండి. అయితే స్థలం యజమానితో మాట్లాడి, స్లాబ్ ఆయనకే వదిలేసేట్టు అద్దెలో తగ్గింపు అడగడం ఇంకా లాభం.

డబ్బు కట్టేముందు

టెంపర్డ్ అద్దాన్ని తర్వాత కోయలేం, రంధ్రం వేయలేం. పగిలితే అదే కొలతలో, అవే రంధ్రాలతో కొత్తగా చేయించాలి. దిగుమతి సరుకైతే అది వచ్చేదాకా కోర్టు మూతే. అందుకే ఆర్డరులోనే పెద్ద సైజు రెండు, చిన్న సైజు ఒకటి అదనంగా రాయించండి. అద్దం హీట్ సోక్ పరీక్ష (మళ్లీ వేడిలో పెట్టి, పగిలేవాటిని ముందే ఏరేయడం) చేసిందా అని కూడా అడగండి. ఆ పరీక్ష చేయనివి ఒక్కోసారి ఏమీ తగలకుండానే, ఎండకు తమంతట తామే పగులుతాయి.

చెల్లింపును మూడు నాలుగు విడతలుగా పెట్టుకోండి. ఆఖరి విడత ఒక వానాకాలం గడిచాక ఇచ్చేట్టు ఒప్పుకుంటే మరీ మంచిది, చాలామంది ఒప్పుకోరనుకోండి. పని డిసెంబరులో మొదలుపెడితే స్లాబ్ నిదానంగా ఆరుతుంది, జూన్ వానలకు ముందే ఫ్రేము లేస్తుంది. ఆగస్టులో మొదలుపెడితే తుపాను నెలల్లో సగం బిగించిన అద్దాలతో దొరికిపోతారు.

ఇంకో మాట, కోర్టు నడిపేవాళ్లకు. జాలీ గాలిని వదిలేస్తుంది కాబట్టే ఫ్రేము నిలబడుతుంది. స్పాన్సరు దొరికాడని జాలీ నిండా ఫ్లెక్సీలు కట్టేస్తే అది గోడైపోతుంది. ఆ గోడకు ఎవరూ లెక్క వేయలేదు. ఫ్లెక్సీలు కట్టాలనుకుంటే ఆ సంగతి డిజైన్ అప్పుడే ఇంజినీరుకు చెప్పండి. వాతావరణ శాఖ తుపాను హెచ్చరిక ఇచ్చిన రోజు వాటిని కోసి కింద పడేసే బాధ్యత ఎవరిదో పేరు రాసి ఆఫీసు గోడకు అంటించండి.